పురిటికి పాతచీర

పుట్టిన బిడ్డకి కొత్తబట్ట కట్టరు. ఎంత కలవారింట పుట్టినా సరే, పురుడు వెళ్ళేదాకా ఒంటిమీద పడేది ఎవరో కట్టి ఉతికి, కట్టి ఉతికి మెత్తబడ్డ పాత నూలుచీర ముక్కే. కొత్తగుడ్డకి గంజి ఉంటుంది, అంచు గరుకుగా ఉంటుంది, పసిగుడ్డు ఒళ్ళు కందిపోతుంది. అసలు కారణం అది. అసలు కారణంతో సరిపెట్టుకుని ఊరుకుంటే మనం మనుషులం ఎందుకవుతాం? ఆ పాతచీర ఎవరిదై ఉండాలన్నదాని మీద తిరువూరులో ఆ రోజుల్లో పెద్ద పట్టింపు ఉండేది. కన్నపిల్లలందరూ నిక్షేపంగా తిరుగుతున్న తల్లిదై ఉండాలి. అలాంటావిడ చీరలో పడుకోబెడితే ఈ బిడ్డా నిలుస్తుందని నమ్మకం.

ఈ విషయంలో ఊరంతా వెళ్ళేది సుబ్బాయమ్మ ఇంటికి. సుబ్బాయమ్మ ఏడుగురిని కన్నది, ఏడుగురూ బతికారు, ఒకడు మామిడిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు తప్ప ఎవరికీ పెద్ద జబ్బంటూ రాలేదు. ఇందులో ఆవిడ ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేది కాదు. ఊళ్ళో ఎవరికైనా ఏడో నెల పడిందంటే చాలు, తల్లో అత్తో తాంబూలం పట్టుకుని ఆవిడ వాకిట్లో నిలబడేది. "ఇప్పుడే ఏం తొందర? వచ్చే నెల్లో కనపడు, చూద్దాం" అని తాసీల్దారుగారు అర్జీ పుచ్చుకున్నట్టు చెప్పి పంపేది. చీర ఇచ్చేముందు ఒక మూల చింపి ఆ ముక్క తను ఉంచుకునేది. ఇంటి చలవ మొత్తం గడప దాటిపోకూడదట. ఈ ఆచారం ఎప్పటిదని ఎవరూ అడగలేదు. చూస్తూండగానే ఊళ్ళో తక్కిన ఆడవాళ్ళు కూడా పాతచీర ఇచ్చేటప్పుడు మూల చింపడం మొదలుపెట్టారు.

వెనకవీధిలో ఉండే మాణిక్యమ్మని మాత్రం ఎవరూ చీర అడిగేవారు కాదు.

మాణిక్యమ్మ భర్త సీతారామారావుకి పత్తిచేలున్నాయి, మామిడితోట ఉంది, విశాలమైన పెంకుటిల్లుంది. పిల్లలు లేరు. లేరంటే పుట్టలేదని కాదు. ముగ్గురు పుట్టారు. మొదటివాడు నెల తిరక్కుండా పోయాడు. తర్వాత ఆడపిల్ల బోర్లాపడి, పాకడం నేర్చుకుంటూ ఉండగా జ్వరమొచ్చి పోయింది. మూడోవాడు ఊపిరే పీల్చలేదు. దగ్గర్లోని నెమలి ఊళ్ళో వేణుగోపాలస్వామికి మొక్కిన మొక్కులు అలాగే ఉండిపోయాయి. అదంతా జరిగి ఇరవయ్యేళ్ళు దాటింది. ఆవిడ ఎన్నడూ ఆ ఊసెత్తదు. ఆవిడ ముందు ఎవరూ ఎత్తరు. వెనకాల ఎత్తుతారు, అది వేరే సంగతి.

ఎవరింట పురుడైనా మాణిక్యమ్మ కొత్తవే పట్టుకెళ్ళేది. వెండి ఉగ్గుగిన్నె, పట్టుగౌను, బెజవాడ నుంచి తెప్పించిన ఊలు టోపీ. అందరూ చక్కగా పుచ్చుకునేవారు. వెండికి దోషం అంటదు కాబోలు. ఒకే ఒక్కసారి, అడక్కుండానే పాతచీర పట్టుకెళ్ళింది. రెడ్డిగూడెంలో ఆడబిడ్డ ప్రసవించినప్పుడు, బాగా నలిగిన వెంకటగిరి చీర ఒకటి తనే ఉతికి ఆరేసి మడతపెట్టి ఇచ్చింది. ఆడబిడ్డ అత్తగారు నవ్వు మొహంతోనే అందుకుంది. మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళితే ఆ చీర ముక్క పొయ్యి పక్కన మసిగుడ్డయి కనిపించింది. మాణిక్యమ్మ ఇచ్చిన కాఫీ తాగి, బస్సెక్కి తిరువూరు వచ్చేసింది.

ఆనాటి నుంచి పాతచీరలన్నీ స్టీలు సామాన్ల రావమ్మకి వేసేది. రావమ్మ బెజవాడ బస్సు దిగి, తట్ట నిండా గిన్నెలు నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగేది. పాతబట్టలు వేస్తే బదులుగా స్టీలు గిన్నె ఇచ్చేది. మాణిక్యమ్మ వంటింటి అరల నిండా స్టీలే. వచ్చినవాళ్ళు చూసి అబ్బో అనేవారు. ఇద్దరు మనుషులకి అన్ని గిన్నెలెందుకో ఎవరికీ తెలియదు, ఆవిడకీ తెలియదు. పాతబడ్డ చీర ఇంట్లో కనపడుతుంటే మనసొప్పక వేసేసేది. ఇంతా చేసి, వాళ్ళ పాలేరు ఏసోబు భార్యకి నెలలు నిండినప్పుడు, వాడు కూడా మాణిక్యమ్మ ఇంటి ముందునించే నడిచి సుబ్బాయమ్మ ఇంటికి వెళ్ళి గుడ్డ తెచ్చుకున్నాడు. తలొంచుకుని వెళ్ళాడు, పాపం. అది అరుగు మీంచి ఆవిడ చూసింది.

ఆవిడ కోరికల్లా ఒక్కటే. ఎవరైనా వచ్చి, మీ పాతచీర ఒకటి ఇస్తారా అని అడగాలి. నోరు తెరిచి మొగుడితో కూడా చెప్పుకోలేనంత చిన్న కోరిక అది. ఇరవయ్యేళ్ళుగా దాన్ని లోపలే పెట్టుకుని తిరిగింది.

డెబ్బై అయిదులో గోడవతలి ఇంట్లోకి ప్రేమకుమారి అద్దెకు దిగింది. ఆడపిల్లల స్కూల్లో టీచరు. భర్త సుందరరాజు కరెంటాఫీసులో గుమాస్తా. అమ్మాయిది గుడివాడ వైపు, తల్లి లేదు, ఊరికి కొత్త. ఆవిడ పద్ధతే వేరు. పై క్లాసుకి వెళ్ళిన పిల్లల పుస్తకాలు అడిగి తీసుకుని, అట్టలు వేయించి, కింది క్లాసులో బాగా చదివినవాళ్ళకి బహుమతిగా ఇప్పించేది. జవాబుల కింద గీతలు కూడా గీసి ఉంటాయి గనక పిల్లలకీ ఆ పుస్తకాలే ముద్దు.

ఒక సాయంత్రం ఆవిడ నిండు కడుపుతో గోడ దగ్గరికొచ్చి పిలిచింది.

"పిన్నిగారూ, ఒకటడుగుతాను, ఏమీ అనుకోరు కదా?"

మాణిక్యమ్మ తీగమీద చీర తీస్తోంది. "అడుగు టీచరమ్మా."

"మీ చీరలు ఆరేసినప్పుడల్లా చూస్తుంటానండి. ఎంత మెత్తగా ఉంటాయో. పాతదొకటి ఇస్తారా, పురిటికి? మా ఆయన బెజవాడ వెళ్ళి కొత్త టవల్సు కొనుక్కొచ్చారండి, అట్టల్లా ఉన్నాయి. మెత్తటివి ఉండగా కొత్తవి కొని ఏం లాభం చెప్పండి?"

మాణిక్యమ్మ చేతిలో చీర సగం మడతలో ఆగిపోయింది. "చూస్తాలే అమ్మా" అంది. లోపలికెళ్ళి వంటింట్లో పీట మీద కూర్చుంది. చెప్పొద్దూ, ఆవిడకి ఎగిరి గంతెయ్యాలన్నంత సంతోషం కలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు. పొయ్యిమీద ఎసరు మరిగేలోపే భయం పట్టుకుంది. ఆ పిల్లకి ఊరి సంగతి తెలియదు, తెలియక అడిగింది. రేపు తన చీరలో పడుకోబెట్టాక బిడ్డకి జలుబు చేసినా చాలు, ఊరు నోరు మూసుకుంటుందా? ఊరి మాట అలా ఉంచితే, తను నిద్రపోగలదా? ముగ్గురిని పోగొట్టుకున్న మనిషికి నాలుగోసారి ఆ భయం మొయ్యడమంటే మాటలు కాదు.

అన్నం వడ్డిస్తూ మొగుడితో చెప్పింది.

"ఏవండీ, టీచరమ్మ పాతచీర అడిగింది. పురిటికట."

సీతారామారావు తక్కువ మాట్లాడే మనిషి. పప్పులో నెయ్యి కలుపుకుంటూ అడిగాడు. "ఇవ్వాలనుందా?"

"ఉంది."

"అయితే ఇయ్యి."

"ఏమన్నా అయితే?"

ఆ ముగ్గురినీ మోసుకెళ్ళింది ఆయనే. మజ్జిగ పొయ్యమన్నాడు.

రెండ్రోజుల తర్వాత ప్రేమకుమారి అత్తగారు హన్నమ్మ గంపలగూడెం అవతలి పల్లె నుంచి దిగింది. కోడలి పురిటికని వచ్చింది. సన్నటి మనిషి, ఎండకి కమిలిన మొహం, ఒకప్పుడు రోజూ కూలికెళ్ళి కొడుకుని చదివించుకుంది. వచ్చిన మర్నాడే గోడ దగ్గర నిలబడింది.

"అమ్మగారూ, మా కోడలు మిమ్మల్నేదో అడిగిందంట. తెలియనిపిల్లండి, మనసులో పెట్టుకోకండి. మాకు పాతగుడ్డలేం వద్దమ్మా."

మర్యాదగానే చెప్పింది. గట్టిగానే చెప్పింది. మాణిక్యమ్మ తలూపి ఊరుకుంది. ఎవరో చెప్పేశారు, ఇంకేముంది. ఊళ్ళో దిగి ఒక పూట గడవకముందే చెవిన వెయ్యకపోతే మన ఆడవాళ్ళకి అన్నం అరుగుతుందా? మాణిక్యమ్మకి కోపం రాలేదు, సిగ్గేసింది. తను పోగొట్టుకున్నదానికి తను సిగ్గుపడటమేంటో గాని, ఇరవయ్యేళ్ళుగా అలవాటైపోయింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేకపోయింది. అడగడమంటూ ఒకరు అడిగారు, ఆ అమ్మాయి చేతిలో మెత్తటి గుడ్డ పెట్టకుండా ఉండటం ఆవిడ వల్ల కాలేదు. తన చీర పనికిరాకపోతే సుబ్బాయమ్మ చీర పనికిరాదా? హన్నమ్మకి సుబ్బాయమ్మదని చెప్పాలి, ప్రేమకుమారికి మాత్రం తనదే అని చెప్పాలి. ఇంటికొకరకంగా అబద్ధమాడితే కుదురుతుందేమో, ఒకే ఇంట్లో అత్తకొకటి కోడలికొకటి ఎలా కుదురుతుందో ఆవిడ ఆలోచించలేదు. బీరువాలోంచి మడత విప్పని మంగళగిరి చీర ఒకటి తీసి, సంచిలో పెట్టుకుని సుబ్బాయమ్మ ఇంటికెళ్ళింది.

సుబ్బాయమ్మ పెద్ద పెద్ద పూల నైలెక్సు చీర కట్టుకుని, మంచం మీద కూర్చుని విసురుకుంటోంది.

"పాతచీరా? నీకెందుకే మాణిక్యం?" అంది, తర్వాత నాలుక్కరుచుకుంది.

"మా పక్కింటి టీచరమ్మకి వదినా. ఊరికే వద్దులే, ఇదుంచు" అని మాణిక్యమ్మ కొత్త చీర మంచం మీద పెట్టింది.

సుబ్బాయమ్మ కొత్త చీర జరీ వేలితో రుద్ది చూసింది. లోపలికెళ్ళి, ట్రంకుపెట్టె తెరిచి మూసిన చప్పుడు చేసి, మడతపెట్టిన పాతచీర తెచ్చి చేతిలో పెట్టింది. ఆచారం ప్రకారం ఒక మూల చింపే ఉంది. "తల్లీబిడ్డా చల్లగా ఉంటారు, వెళ్ళిరా" అని దీవించింది కూడా.

ఇంటికొచ్చి మాణిక్యమ్మ ఆ చీర ఉతుకుదామని బావి దగ్గర గోలెంలో వేసింది. నీళ్ళలో మడతలు విడిపోయి చీర పరుచుకుంది. లేత నీలం, సన్నంచు. కుచ్చిళ్ళ దగ్గర జానెడు మేర ఆకుపచ్చ దారంతో రఫ్ఫు చేసి ఉంది. ఆ రఫ్ఫు ఎవరు చేశారో ఆవిడకి తెలుసు. మామిడితోటలో కంచెకి తగులుకుని చిరిగితే, ఇంట్లో నీలం దారం లేక, తనే ఆకుపచ్చదాంతో కుట్టుకుంది.

నమ్మబుద్ధి కాక రెండో చివర వెతికింది. బట్టలుతికే అంకారావు ఇంటింటికీ ఒక గుర్తు పెడతాడు. నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు, బట్ట చిరిగిపోయినా పోదు. మాణిక్యమ్మ వాళ్ళ గుర్తు రెండు చుక్కలు, కింద అడ్డగీత. ఒకసారి ఎవరిదో చీర వీళ్ళింటికి, వీళ్ళది వాళ్ళింటికి మారిపోతే, ఈవిడ పట్టుబట్టి అప్పటినుంచి రెండు చివర్లా పెట్టిస్తోంది. తక్కిన ఇళ్ళకి ఒక మూలే. సుబ్బాయమ్మ చింపింది ఒక మూల. రెండో మూల చుక్కలూ గీతా నీళ్ళలో నల్లగా కనపడుతున్నాయి.

ఆ చీర మొన్న వేసవిలో రావమ్మకి వేసి, తను సాంబారుగిన్నె తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే, తడి ఆరిన చీర చంకలో పెట్టుకుని సుబ్బాయమ్మ ఇంటికెళ్ళింది. కోడళ్ళు పెరట్లో ఉన్నారు. తలుపు దగ్గరగా వేసి చీర మంచం మీద పరిచింది. గుర్తు ఉన్న చివర పైకి పెట్టింది.

"ఇది ఎవరి చీర వదినా?"

సుబ్బాయమ్మ చూసింది. అబద్ధం ఆడదామనే నోరు తెరిచింది, మాణిక్యమ్మ మొహం చూసి మానుకుంది.

"రెండో చివర కూడా పెట్టిస్తావా నువ్వు? ఎవరన్నా పెట్టిస్తారే అలా?"

"నా మాటకి జవాబు చెప్పు."

"ఏం చెప్పమంటావే. కోడళ్ళొచ్చి నూలుచీరలు మానిపించి ఈ నైలెక్సులు తగిలించారు నాకు. ఉతికితే ఇట్టే ఆరిపోతాయి, ఇస్త్రీ అక్కర్లేదు, చచ్చినా చిరగవు. చిరగని చీర పాతదెప్పుడవుతుంది? పాతదైనా పసిపిల్ల కిందెవరు వేస్తారు, ఒక్క చుక్క పీల్చుకోదు. ఇక్కడ చూస్తే వాకిట్లో మనుషులు ఆగరు. కడుపుతో ఉన్న పిల్ల తల్లొచ్చి కొంగుపట్టి అడిగితే లేదని ఎలా పంపను? రావమ్మనడిగాను. మెత్తటి నూలుచీరలు దొరుకుతాయా అంటే ఒక్క ఇంట్లో దొరుకుతాయంది."

"మా ఇల్లని తెలుసా నీకు?"

"గుర్తు చూశాక అంకారావునడిగితే తెలిసింది. అప్పట్నుంచే మూల చింపడం మొదలెట్టాను."

"తెలిసే ఇచ్చావా, నా చీరని?"

"మొదటిసారి భయపడ్డాను" అంది సుబ్బాయమ్మ, గొంతు తగ్గించి. "అబద్ధమెందుకు, ఆ రాత్రి కన్ను మూయలేదు. పొద్దున్నే మనిషిని పంపించి పిల్లాడు ఎలా ఉన్నాడో కనుక్కున్నాను. శుభ్రంగా ఉన్నాడు. తర్వాత ఇచ్చిన పిల్లా శుభ్రంగా ఉంది. ఆ తర్వాత నాకు భయం పోయింది."

మాణిక్యమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. "ఎవరెవరికిచ్చావు?"

"ఎవరు గుర్తుపెట్టుకున్నారే అదంతా? పోస్టుమాస్టరుగారి కవలలు. బస్టాండులో సోడాకొట్టు వాళ్ళ పిల్లలు. మీ ఏసోబు కూతురు. మా వీధిలో ఇప్పుడు గోలీలాడుతున్నవాళ్ళందరూ దాదాపు నీ చీరల్లో పడుకున్నవాళ్ళే."

"ఎవరికీ ఏమీ కాలేదా?"

"ఏమవుతుందే? గుడ్డేగా."

ఏమవుతుందే గుడ్డేగా. ఇరవయ్యేళ్ళుగా ఈ ముక్క ఎవరో ఒకరు చెబితే బాగుండునని ఆవిడ ఎదురుచూసింది. చివరికి చెప్పింది ఎవరయ్యా అంటే ఈవిడ. తాంబూలాలు పుచ్చుకుంటూ ఊరందరిచేతా దణ్ణాలు పెట్టించుకున్న ఈవిడ. మాణిక్యమ్మకి ఒళ్ళు మండింది. జుట్టు పట్టుకుని వీధిలోకి లాగాలనిపించింది. ఆ వెంటనే ఏసోబు కూతురు కళ్ళముందు మెదిలింది. నిన్ననే పెరట్లో జామకాయ కొరుకుతూ, చెట్టు దిగమంటే దిగనని మొండికేసింది ఆ పిల్ల. మాణిక్యమ్మకి కోపం ఎంతోసేపు నిలవలేదు. నవ్వూ ఏడుపూ కలిసొచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నలుగురిలో అనకే తల్లీ, నా మొహం ఎక్కడ పెట్టుకోను" అని సుబ్బాయమ్మ చేతులు పట్టుకుంది. మంగళగిరి చీర తెచ్చి తిరిగి ఇవ్వబోయింది.

"ఉంచుకో వదినా. కట్టుకో. పాతబడ్డాక నీ పేరుమీదే ఎవరికైనా ఇద్దువుగాని, ఒక్కటైనా నీది అవుతుంది" అని మాణిక్యమ్మ లేచి, తన చీర తను తీసుకుని వచ్చేసింది.

నేరుగా ఇంటికి పోలేదు. పక్కింటి మెట్లెక్కింది. ప్రేమకుమారి లోపల పడుకుని ఉంది. హన్నమ్మ వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. అమ్మగారు గడపలోకి రావడం చూసి గబగబా లేచి నిలబడింది.

మాణిక్యమ్మ చీర రెండు చేతుల మీదా పెట్టుకుని ఉంది.

"ఇది నాది. ఇంకొకరిదని చెప్పి ఇద్దామనుకున్నాను, అది తప్పు. నాదే ఇది. నాకు ముగ్గురు పుట్టి పోయారు. ఆ సంగతి చెప్పే ఇస్తున్నాను."

"నాకు తెలుసమ్మా" అంది హన్నమ్మ. "బస్సు దిగంగానే చెప్పారు."

"అందుకేగా వద్దన్నావు."

"అందుక్కాదమ్మా."

హన్నమ్మ చేట పక్కన పెట్టింది.

"మా సుందరరాజు పుట్టినప్పుడు మా ఊళ్ళో అయ్యగారింటికెళ్ళి పాతగుడ్డ అడిగానండి. పచ్చి బాలింతని. అరుగు మీంచి పాతపంచె ఇసిరేశారు. దుమ్ములో పడింది. ఒంగి తీసుకున్నాను, వాణ్ణి అందులోనే చుట్టాను. అదొక్కటే కాదు, పుట్టి బుద్ధెరిగి నేను కట్టిందంతా ఇంకొకరు ఇసిరేసిందే. వాడు ఉద్యోగంలో చేరినప్పుడు అనుకున్నానమ్మా, నా మనవడికో మనవరాలికో పాతగుడ్డ వద్దని. మీ పిల్లలు పోయారని నేను తప్పెంచుతానా? నాకూ ఇద్దరు పోయారు."

ఇద్దరు పోయారు. మాణిక్యమ్మ ఊళ్ళో పోయిన పిల్లలు తనకొక్కదానికే ఉన్నట్టు ఇన్నాళ్ళూ అనుకుంది. హన్నమ్మ వాళ్ళ పల్లెలో ఎంతమందికి పోయారో, వాళ్ళని ఎవరైనా ఏమైనా అడిగారో లేదో ఎప్పుడూ ఆవిడ బుర్రకి తట్టలేదు.

"నేను పడేసి పోవడానికి రాలేదు" అంది. నువ్వు అనాలో మీరు అనాలో తెలియక ఒక క్షణం తడబడింది. "తీసుకోండి అని అడగడానికొచ్చాను. మీ కోడలు అడిగేదాకా నన్నెవరూ అడగలేదు. తీసుకుంటే నాకు సంతోషం. వద్దంటే పట్టుకుపోతాను, ఏమీ అనుకోను."

హన్నమ్మ చేతులు తన కొంగుకి తుడుచుకుంది. దగ్గరికొచ్చి, మాణిక్యమ్మ చేతుల మీంచి ఆ మడత తన చేతుల్లోకి తీసుకుంది. బట్టని బుగ్గకి ఆనించి చూసింది.

"గంజి వాసనొస్తందమ్మా. సరిగ్గా జాడించలేదు. ఇంకోసారి ఉతకాలి."

ఉతికింది కూడా. మాణిక్యమ్మ బావిలోంచి నీళ్ళు తోడిపోసింది.

ఆ వారంలోనే ప్రేమకుమారికి నొప్పులొచ్చాయి. సుందరరాజు కంగారుపడి రిక్షా కోసం పరిగెత్తాడు. ఆసుపత్రిలో మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. కబురు తెలిసి మాణిక్యమ్మ బయల్దేరింది గాని, ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఎంత తెలిసినా భయం భయమే. లోపల నర్సమ్మ ఎవరినో కేకలేస్తోంది. పక్క మంచాల దగ్గర ఊళ్ళో ఆడవాళ్ళు చేరి ఉన్నారు. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో వేరే చెప్పాలా?

"ఎవరి చీర హన్నమ్మా? సుబ్బాయమ్మగారిదేనా?"

"కాదండి. మాణిక్యమ్మగారిది."

ఎవరో నొచ్చుకున్నట్టు చప్పరించారు. ఇంకెవరో, "అయ్యో, నీకెవరూ చెప్పలేదా?" అన్నారు.

"చెప్పారండి. అందరూ చెప్పారు" అంది హన్నమ్మ. "మేమే అడిగి తెచ్చుకున్నాం."

మాణిక్యమ్మ గుమ్మం పక్కన చెక్కబల్ల మీద కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుందామంటే కొంగు చేతికందలేదు, అలాగే ఉండిపోయింది.

కాసేపటికి హన్నమ్మే బయటికొచ్చింది. ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిమీద లేత నీలం గుడ్డలో చుట్టిన పిల్ల. మాణిక్యమ్మని చూసి, ఎప్పుడొచ్చారనీ అడగలేదు, ఎందుకేడుస్తున్నారనీ అడగలేదు.

"కాస్త పట్టుకోండమ్మా. టీచరమ్మ నిద్రపోతంది, వేన్నీళ్ళు అయిపోయినయ్. హోటల్లో పట్టించుకొస్తాను" అని పిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టి, ఫ్లాస్కు ఊపుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది.

తన మూడోవాడి తర్వాత మాణిక్యమ్మ చేతికి ఎవరూ పురిటిబిడ్డనివ్వలేదు. ఉయ్యాల దగ్గర నిలబడి వెండిగిన్నె పెట్టి రావడమే. మెడకింద చెయ్యి ఎలా పెట్టాలో మరిచిపోయాననుకుంది. మరిచిపోలేదు. పిల్ల మొహం చిట్లించి, గుప్పిట బయటికి తీసి, మళ్ళీ నిద్రలో పడింది. హోటలు దూరమేమీ కాదు. అయినా హన్నమ్మ ఎంతసేపటికీ రాలేదు, మాణిక్యమ్మ కూడా గేటు వంక చూడలేదు.